కింది సీములో తెరిచి ఉన్నవి

నమోదు 1. పొద్దు షిఫ్టు

ఈ రోజు నుంచి కంప్యూటర్ గదిలో నాకు పని నేర్పుతున్నారు. రాజేశం మామ అప్పగించిన పని వినడానికి చిన్నదే. షిఫ్టు మొదలయ్యే ముందు కింది సీములో, అంటే కింది బొగ్గు పొరలో ఉన్న కంప్యూటర్ మిషను పోర్టులను తట్టి, ఏవి తెరిచి ఉన్నాయో రాయాలి. నంబర్లు రాస్తే చాలు. కానీ రాయడం మొదలుపెడితే నాకు ఆగడం రాదని ఆయనకు తెలుసు.

"నీ ఇష్టమున్నంత రాసుకో. నంబరు ఒక్కటి తప్పు రాసినవనుకో, చెవి మెలిపెడ్త" అన్నాడు.

పోర్టు అంటే ఏమిటో బొగ్గు బావి మాటల్లోనే చెప్పాడు. "మన పెద్దోళ్లు రూఫ్ ఎట్ల చూసేటోళ్లు? కట్టెతోని తట్టి చెవి పెట్టేటోళ్లు. ఖంగుమంటే గట్టిది. డొల్ల సప్పుడొస్తే కింద నిలవడద్దు. గిదీ గంతే. నంబరు కొట్టి తట్టు, మిషను ఏమంటదో ఇను."

మిషను ఇచ్చే జవాబులు రెండే. 'తెరిచి ఉంది' అంటే ఆ నంబరు వెనక ఒక ప్రోగ్రాము చెవి పెట్టుకుని కూర్చుందని. 'మూసి ఉంది' అంటే మిషను మెలకువగానే ఉంది కానీ ఆ నంబరు వెనక వినేవాళ్ళెవరూ లేరని. ఒక్కోసారి ఎంత తట్టినా ఏమీ రాదు. దాన్ని మామ 'గుడ్డి' అంటాడు. నేను 'ఉలుకూ పలుకూ లేదు' అని రాశాను. ఈ మాట బడి పుస్తకంలో చదివినప్పటి నుంచి ఎక్కడ వాడదామా అని కాచుకుని ఉన్నాను.

చామంతక్క షిఫ్టుకు పోతూ గుమ్మంలో ఆగింది. నెత్తిన టోపీ, టోపీకి దీపం.

"ఏందే సంపంగీ, కుర్చీ దొరికిందని మురుస్తున్నవా?"

"కింది సీము మిషనుకు నేనే కాపలా."

"అబ్బో! పొయ్యి మీద గంజి పొంగితే సూడవు గని, మిషనుకు కాపలానా! మామా, జర పైలం. పుస్తకం దొరికిందంటే బావి కూలినా దీనికి తెలవదు."

చామంతి, సంపంగి. మా ఇద్దరికీ పువ్వుల పేర్లు పెట్టింది అమ్మ. అమ్మ కూడా ఆ పువ్వులను చూడలేదు. పైన ఎండకు మనుషులు నిలవలేక మా అవ్వ కాలంలోనే అందరూ ఈ పాత బావిలోకి దిగారు. మేముండేది పై సీము. ఇక్కడ చోటు చాలడం లేదని అక్క వాళ్ళు కింది సీములో కొత్త గ్యాలరీలు తవ్వుతున్నారు.

తెరిచి ఉన్నవి: ఫ్యాను, పంపు, దీపాల చార్జింగు, గడియారం.

నమోదు 2. పొద్దు షిఫ్టు

ఆ నాలుగే. రోజూ ఆ నాలుగే.

విసుగు పుట్టి మామను అడిగాను. తెరిచి ఉన్న పోర్టుతో మాట్లాడకూడదా, ఫ్యానును ఎలా ఉన్నావని పలకరించకూడదా అని. ఆయన నవ్వలేదు.

"పొరుగు బావోళ్లు ఒకపారి తీగ ఎంబడొచ్చి తెరిచున్న పోర్టుల దూరిండ్రు. మన ఫ్యాను బంద్ పెట్టి, గాలి కావాల్నంటే నీళ్లియ్యుండ్రి అన్నరు. అప్పటిసంది నడుమ కాపలా పెట్టె పెట్టినం. తట్టనిస్తది, జవాబు రానిస్తది. మాట మాత్రం పోనియ్యదు."

"అంటే మనం తట్టినట్టు కింద వాళ్ళకు తెలుస్తుందా?"

"తెలవదు. లోపలున్న ప్రోగ్రాముకు గూడ తెలవదు. మిషను గుమ్మం కాడనే జవాబు చెప్పి పంపిస్తది. మాట్లాడాల్నంటే ఫోనున్నది గదా."

తట్టిన సంగతి లోపలివాళ్ళకు తెలియకుండానే జవాబు రావడం నాకు వింతగా తోచింది. దీనికి ఒక మాట ఉండాలి. దొరకలేదు.

ఇంటికి వెళ్ళి అమ్మకు ఇదంతా చెప్పాను. అమ్మ పుట్టగొడుగులు కోస్తూ ఊ కొట్టింది. పోర్టు తెరిచి ఉందంటే లోపల ఎవరో వింటున్నట్టే అని రెండుసార్లు చెప్పాను. "సరే తియ్యే, ఇంటున్నరు. నువ్వే ఇంటలేవు, గిన్నె మాడుతున్నది" అంది.

నమోదు 3. పగటి షిఫ్టు

కింది సీము దారిలో రూఫ్ కూలింది.

మొదట గాలి వచ్చింది. గది తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆ తర్వాత దుమ్ము. చప్పుడు అన్నిటికంటే వెనక వచ్చినట్టనిపించింది.

కింద ఏడుగురున్నారు. అక్క ఉంది. మిషన్లు తెలిసిన ఫిట్టర్ యాకూబ్ భాయ్ ఉన్నాడు. కిందికి పోయే ఫోను తీగ తెగింది, కరెంటు తీగ తెగింది. మిషను తీగ ఒక్కటీ ఇనుప గొట్టంలో వేసినందువల్ల మిగిలింది. కింద బ్యాటరీ ఉందని మామ చెప్పాడు. ఫ్యానూ మిషనూ రెండూ ఆ ఒక్క బ్యాటరీ మీదే నడవాలి.

గది నిండా మనుషులు. సర్దారవ్వ నా కుర్చీ వెనక నిలబడింది. అసలు పేరు లస్మవ్వ. బావికి సర్దార్ కాబట్టి అందరూ సర్దారవ్వ అంటారు. ఎవరు ఎక్కడ తవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఆమె మాటే.

"తట్టు బిడ్డా."

తట్టాను. ఫ్యాను: తెరిచి ఉంది. గది అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

"అంటే బతికున్నరా?"

నేను మామ వైపు చూశాను. ఆయన తల దించుకుని చెప్పాడు. "మిషను బతికున్నదవ్వా. మనుషుల సంగతి అది చెప్పదు."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. నా వేళ్ళనే చూస్తోంది, వాటి కొసల్లో అక్క ఉన్నట్టు.

నమోదు 4. రాత్రి షిఫ్టు

డ్రిల్లింగ్ మిషను మాకు ఒక్కటే ఉంది. దాన్ని కూలిన చోట పెట్టి బొక్క వేయడం మొదలుపెట్టారు. మామ అక్కడే ఉన్నాడు. గదిలో నేనొక్కదాన్నే.

నాలుగు పోర్టులనే తడుతూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. అందుకని ఒకటో నంబరు నుంచి చివరిదాకా, అరవై అయిదు వేల పైచిలుకు పోర్టులనూ వరసగా తట్టడానికి పెట్టాను. కాపలా పెట్టె నెమ్మదిగా వదులుతుంది. మూసి ఉంది, మూసి ఉంది, మూసి ఉంది. తెర మీద ఆ మాటలు చీమల బారులా పాకుతున్నాయి.

నాలుగు వేల దగ్గర కొత్తది ఒకటి వచ్చింది. 4018: తెరిచి ఉంది. ఇది ఎప్పుడూ లేనిది. తర్వాత 4066. తర్వాత 4131.

తర్వాత 4172: తెరిచి ఉంది.

ఆ నంబరు నాకు తెలుసు. అది మా అక్క బిళ్ళ నంబరు.

బావిలో పనికి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దీపం తీసుకునే ముందు ల్యాంప్ రూమ్‌లో మేకుకు దాన్ని తగిలించి దిగాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. తగిలించేదీ తీసేదీ సొంత చెయ్యే. ఒకరి బిళ్ళను ఇంకొకరు ముట్టరు. లోపల పోయినవాళ్ళ బిళ్ళలు కూడా ఆ మేకులకే ఉండిపోతాయి. కన్నతల్లి అయినా తీయదు. ల్యాంప్ రూమ్‌లో ఒక గోడంతా నల్లబడిన బిళ్ళలే.

మొత్తం ఏడు నంబర్లు వచ్చాయి. ఏడూ కింద ఉన్నవాళ్ళవే. యాకూబ్ భాయ్ మిషను ముందు కూర్చుని చూపించి ఉంటాడు, ఒక్కొక్కరే వచ్చి తమ నంబరు తెరిచి ఉంటారు. షిఫ్టుకోసారి నేను తడతానని అక్కకు తెలుసు. నేను చూస్తానని నమ్మి బిళ్ళలు తగిలించారు.

గ్యాలరీ పొడుగునా అరుస్తూ పరిగెత్తాను. ఏమని అరిచానో గుర్తులేదు. నేర్చుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు.

సర్దారవ్వ నా తల నిమిరి, వెంటనే కసిరింది. "సంబురం తర్వాత. బిడ్డా, మనం సూసినమని వాళ్లకు చెప్పు."

"చెప్పలేనవ్వా. మాట పోదు."

"ఒక్క మాట?"

"ఒక్క అక్షరం కూడా పోదు."

నమోదు 5. పగటి షిఫ్టు

పొద్దున 4390 మూసుకుంది. కాసేపటికి 4281.

సర్దారవ్వకు చెప్పాను. ఆమె కళ్ళు మెరిశాయి. "మూసుకున్నదా? నువ్వు సరిగ్గ సూసినవా?"

"మూడుసార్లు తట్టాను."

"బిళ్ళ తీసిండ్రంటే ఎళ్లిండ్రన్నట్టు!" అని ఆమె చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "కింది సీము అటు కొసకు పాత ఇంక్లైన్ లేదా? అటు తొవ్వ దొరికింది వాళ్లకు. ఒక్కొక్కలే ఎళ్తున్నరు."

పాత ఇంక్లైన్ అంటే ఎప్పుడో మూసేసిన ఏటవాలు దారి. మా బావికి అవతలి కొసన ఉంది. దాని నోటికి రాళ్ళు పేర్చి కట్టేశారు. వాళ్ళు అటు వస్తే ఆ కట్టు దగ్గర ఇరుక్కుపోతారు, కాబట్టి డ్రిల్లింగ్ మిషను అక్కడ ఉండాలి.

నేను మెల్లగా అన్నాను. "అవ్వా, మనుషులు వెళ్ళకపోయినా పోర్టు మూసుకోవచ్చు. బ్యాటరీ తగ్గితే మిషను తనంతట తనే మూస్తుందేమో. దీపాల చార్జింగ్ పోర్టు కూడా మూసుకుంది."

"దీపాలు తీసుకపోయిండ్రు గనుకనే మూసుకున్నది. సచ్చినోని బిళ్ళనే మనం ముట్టం, బతికినోని బిళ్ళ ఇంకొకలు తీస్తరా? మన మనుషులు గట్ల చెయ్యరు బిడ్డా."

అది నిజమే. మా మనుషులు అలా చేయరు. కానీ మిషను మా మనిషి కాదు. ఈ మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడే 4205 మూసుకుంది. దాని వెంటే 4172.

అమ్మ నా భుజం పట్టుకుని గట్టిగా ఊపింది. "బయల్దేరిందా? మీ అక్క బయల్దేరిందా?"

నాకూ నమ్మాలనే ఉంది. టోపీ దీపం వెలిగించుకుని, నా మీద ఏదో ఒక జోకు తయారు చేసుకుంటూ అక్క ఆ ఏటవాలు ఎక్కుతోందని నమ్మాలని ఉంది. తెలియదని చెప్పాను. అమ్మకు అది వినబడలేదు. అక్క తినడానికి గట్క డబ్బా కట్టుకుని పాత ఇంక్లైన్‌కు వెళ్ళిపోయింది.

డ్రిల్లింగ్ మిషనును విప్పుతున్నారు. అవతలి కొసకు పట్టాలు లేవు. ముక్కలు ముక్కలుగా భుజాల మీద మోయాలి.

నమోదు 6. రాత్రి షిఫ్టు

4131 మూసుకుంది.

మూసుకున్నవాటిని ఒక వరసలో రాసుకున్నాను. 4390. 4281. 4205. 4172. 4131. ఆ వరసను వేలితో కింది దాకా చదివాను. పెద్ద నంబరు నుంచి చిన్న నంబరుకు దిగుతున్నాయి. ఒక్కటి కూడా వరస తప్పలేదు. మనుషులు కూలిన గ్యాలరీలోంచి బయటపడేటప్పుడు బిళ్ళ నంబరు చూసుకుని నిలబడరు. గాయపడ్డవాళ్ళు ముందు వెళ్తారు, లేదా దారి వెతికేవాళ్ళు వెళ్తారు.

పాత ఇంక్లైన్ దగ్గరికి ఫోను చేశాను. మామ ఎత్తాడు. వరస చదివాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు.

"చార్జి తక్కువైతే పాత మిషన్లు పై నంబరు నుంచి కోసుకుంట వస్తయి" అన్నాడు రెండోసారి విని. "దీపాల చార్జింగుది పెద్ద నంబరు, గందుకే ముందుగాల పోయింది. ఫ్యాను నంబరు చిన్నది, గందుకే అది ఆఖరు. నేను గదిల ఉంటే పట్టుకునేటోన్ని పిల్లా."

"అంటే వాళ్ళెక్కడికీ వెళ్ళలేదా?"

"ఎక్కడికీ పోలే."

ఫోను సర్దారవ్వకు ఇచ్చాడు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "అటు డ్రిల్లింగ్ మిషను మోత ఆగి ఎంతసేపయింది?"

నాకు అంతవరకూ తట్టలేదు. కూలిన చోట బొక్క వేస్తున్నప్పుడు ఆ మోత రాయి లోంచి కింది సీముకు వినబడుతుంది. మా దగ్గర నుంచి వాళ్ళకు చేరే కబురు అదొక్కటే. దాన్ని మేమే ఆపేసి అవతలి కొసకు మోసుకుపోయాం.

"మల్ల ఎత్తుండ్రి" అని ఆమె ఎవరితోనో అనడం వినబడింది. గొంతులో సర్దార్ లేదు, ముసలామె ఉంది. "బిగించినయన్ని ఇప్పుండ్రి. ఎనకకు మోద్దాం."

నమోదు 7. పొద్దు షిఫ్టు

ఫ్యాను: మూసి ఉంది.

ఐదుసార్లు తట్టాను. మూసి ఉంది.

మిషను పూర్తిగా పోయిందేమోనని మిగతావి తట్టాను. 4018: తెరిచి ఉంది. 4066: తెరిచి ఉంది. 4131, 4172, 4205, 4281, 4390. ఏడూ తెరిచి ఉన్నాయి.

ఏమయిందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూర్చోలేకపోయాను. మోత ఆగిపోయింది. పైన తమను వదిలేశారనుకున్నారు. బతికున్నట్టు పైవాళ్ళకు ఎవరికీ తెలియలేదనుకున్నారు. అందుకని ఫ్యానును ఆపేసి, ఆ బ్యాటరీని మిషనుకు ఇచ్చి, ఏడుగురూ మళ్ళీ వచ్చి తమ బిళ్ళలు తగిలించారు. పీల్చే గాలిని ఖర్చుపెట్టి మమ్మల్ని పిలుస్తున్నారు.

చూశాను అక్కా. మొదటిసారి తెరిచినప్పుడే చూశాను. ఇక చాలు, ఫ్యాను వేసుకోండి.

ఇది ఎన్ని రకాలుగా రాసినా తీగ దాటదు. తెలుగులో ఎన్ని మాటలున్నాయో లెక్కలేదని మా బడిలో చెప్పారు. అందులో ఒక్కటి, చిన్నది, 'ఆఁ' అన్నది కూడా దాటదు. నేను తట్టడం మాత్రమే చేయగలను. తట్టినట్టు వాళ్ళకు తెలియదు.

ఫోనులో మామకు చెప్పాను. మోస్తున్న వాళ్ళందరికీ చెప్పమన్నాను. విన్నాక వాళ్ళ నడక వేగమైందట. కొందరు ముందుగా పరిగెత్తి, కూలిన రాళ్ళ మీద సుత్తులతో బాదుతున్నారు. ఆ చప్పుడు అంత మందం దాటదని మామ అన్నాడు. ఆపమని మాత్రం చెప్పలేదు.

నమోదు 8. పగటి షిఫ్టు

ఇంకా బిగిస్తున్నారు. ఏడూ తెరిచే ఉన్నాయి. ఫ్యాను: మూసి ఉంది.

అమ్మ పాత ఇంక్లైన్ నుంచి తిరిగి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. డబ్బా మూత తీయలేదు. "ఏమంటున్నదే?" అని అడుగుతుంది. "తెరిచి ఉందమ్మా" అంటాను. ఫ్యాను సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇంతకుముందు ఒక్కో పోర్టు మూసుకుంటే నా గుండె ఆగేది. ఇప్పుడు మూసుకోమని వేడుకుంటున్నాను. మూసుకుంటే విన్నట్టు. మూసుకుంటే ఫ్యాను వేసుకున్నట్టు.

నమోదు 9. పగటి షిఫ్టు, చివర

డ్రిల్లింగ్ మిషను తిరగడం మొదలైంది. ఇక్కడి గోడ కూడా సన్నగా అదురుతోంది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.

తట్టాను. తెరిచి ఉంది. మళ్ళీ తట్టాను. సర్దారవ్వ వచ్చి నా వెనక నిలబడింది. ఆమె భుజాల మీద చొక్కా బరువుకు చిరిగి ఉంది. ఆ వయసులో ఆమె కూడా మోసింది.

4066 మూసుకుంది.

అది పెద్ద నంబరు కాదు. వరస లేదు. ఇది మిషను పని కాదు, మనిషి చెయ్యి.

"ఇన్నరు" అంది సర్దారవ్వ. ఆమె చెయ్యి నా కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది.

4390. తర్వాత 4018. తర్వాత 4281, 4131. ఒక్కొక్కటికీ నడుమ కొంచెం ఎడం ఉంది. ఒక మనిషి లేచి, మిషను దగ్గరికి వచ్చి, తన నంబరు మూసి, పక్కవాళ్ళకు చోటిచ్చేంత ఎడం. 4205 మూసుకుంది.

ఫ్యాను: తెరిచి ఉంది.

గ్యాలరీలో ఎవరో కేక వేశారు. ఆ కేక అలా అలా పాకి కూలిన చోటు దాకా పోయింది. మామ ఫోనులో ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. బొక్క పడడానికి ఇంకో షిఫ్టు పట్టినా ఫర్వాలేదు, గాలి ఉంది, అంటున్నాడు.

నేను 4172 తట్టాను.

తెరిచి ఉంది.

కాస్త ఆగి తట్టాను. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి ఇక తొందరేమీ లేదు, అక్క నిదానంగా లేస్తుంది. ఎప్పుడూ చివరికే లేస్తుంది. మళ్ళీ తట్టాను. ఆరుగురు మూశారు. అక్క చెయ్యి రాకపోతే ఆ ఆరుగురిలో ఎవరూ దాన్ని ముట్టరు.

వెనక సర్దారవ్వ కుర్చీని వదిలేసింది. గోడ వైపు తిరిగి నిలబడింది.

అమ్మ కింది నుంచి నా మోకాలు మీద చెయ్యి వేసింది. "అందరివీ మూసుకున్నయా?"

"ఆరుగురివి మూసుకున్నాయమ్మా."

"మరి అక్కది?"

"తెరిచి ఉంది."

అమ్మ మొహం విచ్చుకుంది. డబ్బా మూత తీసి, గట్క చెడిపోలేదు కదా అని వాసన చూసింది.

"నువ్వే చెప్తివి గదనే" అంది. "తెరిచున్నదంటే ఇంటున్నట్టే అని."

"అవునమ్మా" అన్నాను. మళ్ళీ తట్టాను.